గొంతు పోయిన మిర్చికాలం

పెద్దనాయిన దశదినకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక నేను మానుకోటలో ఇంకో రెండు రోజులు ఉండిపోయాను. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ మా ఇళ్ళలో ఆ పేరు ఎవరూ పలకరు. మధ్యాహ్నం పెద్దమ్మ కునుకు తీస్తుంటే ముందు గదిలోకి వెళ్ళి ఆయన కంప్యూటరు ఆన్ చేశాను. ఏదో వెతుకుదామని కాదు, ఆ గదిలో ఊరికే కూర్చోలేక. తెర వెలగలేదు. అది పాడైపోయి ఎన్నేళ్ళయిందో పెద్దనాయినకు కూడా తెలిసి ఉండదు, చూపు లేని మనిషికి తెరతో పనేముంది? స్పీకరులోంచి మాత్రం ఆ పాత గొంతు వచ్చింది. ముక్కుతో మాట్లాడే, ఎక్కడా ఊపిరి తీసుకోని, ఏ ఊరి యాసా లేని తెలుగు. కొన్ని అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయని చెప్పింది. ఆయన కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క పేరే విని సరేనన్నాను. అవి దిగుతున్నంతసేపూ కిటికీలోంచి ఎండుమిర్చి ఘాటు వస్తూనే ఉంది. మార్కెట్టుకు సరుకు వచ్చే కాలం అది. ఆ ఘాటుకు ముక్కు మండి, కళ్ళు నీళ్ళు పెట్టుకుని, నేను మళ్ళీ డిగ్రీ చదివే పిల్లనైపోయాను.

మాది భూపాలపల్లి. నాయిన బొగ్గుగనిలో పనిచేసేవాడు. డిగ్రీలో కంప్యూటర్లు చదువుతానంటే ఆయన నన్ను మానుకోటలో తన అన్న ఇంట్లో దించి, 'అన్నా, నీ బిడ్డే అనుకో' అని చెప్పి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. పెద్దనాయినను ఊళ్ళో అందరూ నర్సయ్య సారు అనేవాళ్ళు. హైస్కూల్లో సోషల్ చెప్పేవాడు. ఎనిమిదేళ్ళ వయసులో తట్టు పోసి చూపు పోయింది. ఇంట్లో ఎక్కడా గోడ తడమకుండా నడిచేవాడు. చెప్పులు గడప పక్కన, చేతికర్ర తలుపు వెనక, నీళ్ళ చెంబు కిటికీ కింద. వాటిని బెత్తెడు జరిపినా, అరవకుండానే 'ఎవరో ఇల్లు మార్చిన్రు' అనేవాడు. మా ఇంటి వెనక రైలు పట్టాలు. ఆయనకు గడియారం అక్కర్లేదు. ఏ బండి ఎటు పోతుందో, ఎంత ఆలస్యమైందో చక్రాల చప్పుడును బట్టి చెప్పి, 'ఇగ స్నానానికి నీళ్ళు తోడు' అనేవాడు. పెద్దమ్మ పొయ్యి మీద సర్వపిండి వేస్తే గిన్నె అడుగున నువ్వులు మాడే వాసనకు ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. చెప్పకుండానే, కరెక్టుగా దించే వేళకు.

పెద్దమ్మ పేరు సరోజన. చదివింది రెండో తరగతి. పెళ్ళయ్యాకే ఆమె అసలు చదువు. పుస్తకంలో అక్షరం చూసి దాని ఆకారాన్ని ఆయన అరచేతిలో వేలితో గీసేదట. 'గిది కొక్కెం లెక్కున్నది, మీద తలకట్టున్నది' అంటే, చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరాలు గుర్తున్న ఆయన అదేమిటో చెప్పేవాడు. చూడలేని మనిషి చూడగలిగే మనిషికి అక్షరాలు నేర్పాడు. అట్లా నేర్చుకున్న చదువుతో ఆమె ఇరవై ఏళ్ళు ప్రతి ఉదయం ఆయనకు పేపరూ, ఆ రోజు చెప్పాల్సిన పాఠమూ చదివి వినిపించింది. ఒకసారి వింటే చాలు, బడిలో పొల్లుపోకుండా చెప్పేవాడు. నేను వచ్చిన ఏడాదే పెద్దమ్మ గొంతులో గడ్డ లేచింది. వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది గానీ గొంతు కూడా దాంతోపాటే పోయినట్టయింది. మాటకు బదులు గాలి వచ్చేది. ఆరు నెలలు గట్టిగా మాట్లాడొద్దు, చదవడం అసలే వద్దు, లేకుంటే ఉన్న గొంతు కూడా మిగలదు అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

అప్పుడే కంప్యూటరు వచ్చింది. చూపు లేనివాళ్ళకు తెర చదివి వినిపించే ప్రోగ్రాములు మామూలు కంప్యూటర్లలో ఉన్నా, అవి కొనగలిగే ధరలో లేవు. జనగామలో రేడియోలు, టీవీలు, కంప్యూటర్లు బాగుచేసే యాదన్న మా నాయినకు దూరపు తమ్ముడు. 'లినక్స్ పెడ్త అన్నా, పైసలు కట్టే పని లేని సిస్టం గది. అండ్ల చదివేటోడు ఊరికెనే వస్తడు, తెలుగు గూడ చదువుతడు' అని, పాత సామాన్లు కలిపి ఒక కంప్యూటరు కట్టి ఇచ్చాడు. దాన్ని పెద్దమ్మ కుట్టుమిషను బల్ల మీద పెట్టాం. నేను పాఠాలు టైపు చేసి పెట్టేదాన్ని. ఆయన తెల్లవారగానే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, దాని ముందు కూర్చుని వినేవాడు. మొదటి వారం నవ్వలేక చచ్చాం. కాకతీయులను అది 'కకటియులు' అనేది. 'ఈడు ఏ జిల్లావోడో తెల్వది గని మన మాటను ఎక్కిరియ్యడు. సినిమాలోళ్ళకంటె నయం' అనేవాడు పెద్దనాయిన. మిషనోడు అని పేరు పెట్టాడు.

నాకు ఆ రోజుల్లో గర్వం ఎక్కువ. కాలేజీలో ఆ సిస్టం గురించి తెలిసిన పిల్లను నేనొక్కదాన్నే. స్నేహితురాలి దగ్గర నెట్ డేటాకార్డు అడిగి తెచ్చి, ఒక ఆదివారం పొద్దున మొత్తం సిస్టం అప్‌డేట్ చేయడానికి కూర్చున్నాను. కొత్త కెర్నల్ దిగుతోంది. కెర్నల్ అంటే ఆ సిస్టం మొత్తానికీ మూలమని పుస్తకంలో చదువుకున్నాను గానీ, అదేం చేస్తుందో నిజంగా తెలియదు. డిస్కులో చోటు చాలదని హెచ్చరిక వచ్చింది. పాత కెర్నల్‌ను ఉంచుకోవాలని ఎక్కడో చదివినట్టు గుర్తుంది. కొత్తది ఉండగా పాతదెందుకు అనుకుని తీసేశాను. పని అయిపోయింది. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. తెర మీద అక్షరాలు వరుసగా కిందికి పారాయి. అంతా బాగానే ఉంది. పెద్దనాయిన కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

"లేచిందా బిడ్డా?"

"లేచింది పెద్దనాయినా."

"మరి మాట్లాడుతలేదేంది?"

నేను వైర్లు చూశాను. స్పీకరు తట్టాను. దాని గొంతు పెంచాను. తెర మీద ఒక చిన్న వాక్యం ఉంది: సౌండు కార్డు కనిపించడం లేదు. కొత్త కెర్నల్‌కు మా పాత కార్డుతో మాట్లాడడం తెలియదు. నాకు తెర ఉంది కాబట్టి నాకు కంప్యూటరు బాగానే ఉన్నట్టు. ఆయనకు మాత్రం ఆ గదిలో ఒక ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. 'అప్‌డేట్ మంచిగ లేదు పెద్దనాయినా, కంపెనోళ్ళదే తప్పు' అన్నాను. పాతదాన్ని తీసేసిన సంగతి చెప్పలేదు.

పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ క్లాసుకు పునశ్చరణ పాఠాలు చెప్పాలి. సారు ఇబ్బంది పడితే క్లాసు ఇంకొకరికి ఇద్దామని హెడ్మాస్టరు మెల్లగా అన్నాడట. నేనున్నాను, నేను చదువుతానన్నాను. కానీ నా కాలేజీ బస్సు పొద్దున్నే. సాయంత్రం చదివితే పొద్దుటికి తేదీలు కలిసిపోతున్నాయని, ఎప్పటిలాగే స్నానం చేసి వింటేనే నిలుస్తుందని ఆయన అనేవాడు. నాలుగో రోజు బస్సు తప్పిపోయి నేను వెనక్కి వచ్చేసరికి ముందు గదిలో ఒక వింత శబ్దం వినిపించింది. ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు. పెద్దమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, గుసగుసగా చదువుతోంది. మార్కెట్టు నుంచి మిర్చి ఘాటు. రెండు మాటలకొకసారి దగ్గు. పెద్దనాయిన ముందుకు వంగి, చెవి ఆమె నోటికి దగ్గరగా పెట్టి వింటున్నాడు.

"చాలు, ఆపు. నాకు మొత్తం యాదికున్నదే."

"అబద్ధం. కిందటేడు గీ పాఠం కాడనే తప్పిపోయినవ్."

"నీ గొంతు పోతది సరోజనా."

"పోతె పోనియ్యి. ఉన్నన్నొద్దులు పనికొచ్చిందిగ."

గుమ్మంలో నిలబడ్డ నన్ను ఆమె చూసింది. చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది, నేనున్నట్టు ఆయనకు చెప్పొద్దని. ఆయన మాత్రం అప్పటికే నా అడుగు విన్నాడు. ముగ్గురం తెలిసీ తెలియనట్టు ఉండిపోయాం. ఆ పొద్దు ఎవరికీ సర్వపిండి సయించలేదు.

మర్నాడు బడికి సెలవు పెట్టి పెద్దనాయిన, నేను కంప్యూటరు డబ్బాను పాత దుప్పట్లో చుట్టి జనగామ రైలెక్కాం. డబ్బాను ఆయన తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. కిటికీ పక్క సీటు నాకిచ్చి, దాటుతున్న ఊళ్ళను ఆయనే చెబుతూ వచ్చాడు. వంతెన చప్పుడు, మలుపు, కాజీపేటలో పట్టాలు విడిపోయే దడదడ. యాదన్న దుకాణం నిండా విప్పిన రేడియోలు, కాలిన సోల్డరు వాసన. డబ్బాకు తెర తగిలించి కాసేపు చూశాడు.

"కార్డు మంచిగనే ఉన్నది. కొత్త కెర్నల్ల దీన్ని నడిపే డ్రైవర్ పెట్టలే, గంతే. పాతదాంతోని లేపితె సరిపోతది." కీబోర్డు మీద యాదన్న వేళ్ళు ఆగాయి. "పాతది ఏది?"

నేను దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను.

"ఎవరు తీసిన్రు? కొత్తది మంచిగ నడిచిందాక పాతదాన్ని ముట్టద్దు. నేను ఫస్టు నేర్చుకున్న మాటే గది."

దుకాణంలో ఒక రేడియో సన్నగా గురగురలాడుతోంది. పెద్దనాయిన ముఖం నా వైపు తిరగలేదు. నా మౌనం వైపు తిరిగింది. యాదన్న దగ్గర మొదట సిస్టం ఎక్కించిన పాత సీడీ కూడా లేదు, గీతలు పడి పాడైపోయింది. కెర్నల్ సోర్సు ఉన్న సీడీ ఉంది. అంటే వండిన అన్నం లేదు, బియ్యం ఉన్నాయి. 'ఇంటికాడ మీరే కంపైల్ చేసుకోండ్రి. అది ప్రశ్నలు అడుగుతది, మీకేం గావాలె, ఏం వద్దు అని. ఓపికతోని జవాబు చెప్పుండ్రి. సౌండు కార్డు కాడ మాత్రం మర్చిపోవద్దు' అన్నాడు. కాగితం మీద ఆదేశాలు రాసిచ్చి, మాకు టీ తెప్పించి, పెద్దనాయిన చేయి పట్టుకుని స్టేషన్ దాకా వచ్చాడు.

తిరుగు రైలు ఘనపూర్ దాటింది. ఎండలో పొలాల మీద మిర్చి కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. చివరికి నేనే అన్నాను.

"నేనే తీసిన పెద్దనాయినా."

"ఆదివారం నాడే తెల్సింది. తప్పు ఇంకొకలదైతె నువ్వు గంత మెల్లగ మాట్లాడవు." కొంచెంసేపటికి మళ్ళీ అడిగాడు. "ఎందుకు తీసినవ్?"

"డిస్కుల జాగ లేదని."

"జాగ లేకుంటె నన్నడగాలె. నా పాటలు తీసేద్దుము. ఇంటున్నవా? తప్పు జేసినందుకు కాదు. మీ పెద్దమ్మ నాలుగొద్దులు గొంతు చించుకున్నది, ఒక్క మాట ముందు జెప్తె జనగామకు సోమవారమే వచ్చేటోళ్ళం."

ఆయన నన్ను తిట్టింది జీవితంలో అదొక్కసారే. అదీ తిట్టినట్టు లేదు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆయనకు కనిపించదని కాదు, రైలు చప్పుడులో వినిపించదని.

ఆ తర్వాతి రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ఏదో కలలో జరిగినట్టుంటాయి. ఆయన సెలవు పొడిగించాడు, నేను కాలేజీ మానేశాను. ముందు గదిలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. తెర మీద ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి, వందల కొద్దీ. నేను ఇంగ్లీషులో చదివి, దాని కింద ఉన్న వివరణ తెలుగులో చెప్పేదాన్ని. తెలియకపోతే నా పుస్తకంలో వెతికేదాన్ని. ఉంచాలా, వద్దా, లేక పిలిచినప్పుడే వచ్చేలా విడిగా పెట్టాలా, ఇవీ జవాబులు. ఆయన ఏ ప్రశ్ననూ ఊరికే పోనిచ్చేవాడు కాదు.

"ఔత్సాహిక రేడియో కావాలా అంటున్నది."

"అదేంది?"

"ఇంట్ల గూసొని రేడియోల వేరే దేశపోళ్ళతోని మాట్లాడేటోళ్ళకు."

"మంచిగున్నది. మనింట్ల ఉన్నదా?"

"లేదు."

"అయితె వద్దను. పాపం, ఎవరింట్లనన్న ఉంటది."

జాయ్‌స్టిక్కులు, పాత టేపు డ్రైవులు, మేమెన్నడూ చూడని ఎన్నో యంత్రాలు. లోకంలో ఎక్కడెక్కడో బల్లల మీద ఉన్న వస్తువులన్నీ వరుస కట్టి మా మానుకోట ఇంటి గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మంటారా అని అడుగుతున్నట్టుండేది. అట్లా అడుగుతూ, చెబుతూ నాకే కెర్నల్ అర్థం కాసాగింది. ఏ ప్రోగ్రామూ నేరుగా కార్డునూ డిస్కునూ ముట్టదు, అన్నీ దీన్నే అడుగుతాయి. ఎవరికి ఎంత చోటు, ఎవరి వంతు ఎప్పుడు, అంతా ఇదే చూస్తుంది.

"అంటే మా బళ్ళె అటెండర్ మల్లయ్య లెక్క" అన్నాడు పెద్దనాయిన. "తాళాలు ఆయన కాడ, గంట ఆయన కాడ."

వంటింట్లోంచి పెద్దమ్మ గుసగుస వినిపించింది. "హెడ్మాస్టర్ రాకున్న బడి నడుస్తది, అటెండర్ రాకుంటె నడువది."

రెండో రోజు మధ్యాహ్నం ఒక ప్రశ్న వచ్చింది. చదివి ఆగిపోయాను. తెర చూడలేనివాళ్ళకు కంప్యూటరు తన మాటలు వినిపించేలా, కెర్నల్ లోపలే పెట్టిన భాగం అది. యాదన్నకు కూడా దాని సంగతి తెలియదు. తెలుగులో చెప్పాను.

"మళ్ళ చదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను.

"మిషనోడు బయట ఉంటడు గద. ఇది లోపటనా?"

"లోపటనే. మిషనోడు లేచేకంటె ముందుగాలనే."

"ఎవరు పెట్టిన్రు?"

"పేర్లున్నయి. వాళ్ళల్ల చూపు లేనోళ్ళు గూడ ఉన్నరట."

ఆయన అరచేతిని డబ్బా మీద పెట్టి అట్లాగే ఉంచాడు. వెనక పట్టాల మీద ఏదో బండి వెళ్ళింది, ఏ బండో చెప్పలేదు. "నేనింతకాలం ఎవరో దయదల్చి మనకు తలుపు కాడ జాగిచ్చిన్రనుకున్న బిడ్డా" అన్నాడు చివరికి. "మనోళ్ళు ఇల్లు కట్టెటప్పుడే ఉన్నరన్నట్టు." తర్వాత నవ్వి, "అవునను. గట్టిగ అవునను" అన్నాడు.

కంపైల్ కావడానికి రెండు రోజులు పట్టింది. పగలు కరెంటు రెండు గంటలుంటే మూడు గంటలు ఉండేది కాదు. పోయినప్పుడల్లా పని ఆగేది, వచ్చాక ఆగిన చోటి నుంచే మొదలయ్యేది. ఆ రెండు పొద్దులూ పాఠం నేనే చదివాను. పెద్దమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించి మూలన కూర్చుని, నేను తేదీ తప్పు చదివితే చిటికె వేసేది. బుధవారం మధ్యాహ్నం మేం తయారుచేసిన కెర్నల్‌ను ఎక్కించి, గొంతు లేని దాన్ని కూడా తీసేయకుండా పక్కన అట్లాగే ఉంచి, ఆపి ఆన్ చేశాను. ఫ్యాను లేచింది. డిస్కు టకటకమంది. పెద్దనాయిన పెదవులు కదులుతున్నాయి, మొక్కుకుంటున్నాడో లెక్కపెడుతున్నాడో. అప్పుడు వచ్చింది గొంతు. ఎప్పటికంటే ముందే, తెర మీద ఇంకా మన పేరు కూడా అడగకముందే, ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పుకుంటూ.

"వచ్చిండు!" అని ఆయన అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చి ఎవరొచ్చారని అడిగారు.

ఆ ఏడు పదో తరగతికి ఆయనే పాఠాలు చెప్పాడు, రిటైరయ్యేదాకా చెప్పాడు. పెద్దమ్మ గొంతు పూర్తిగా రాలేదు. వర్షాకాలానికి మాట తిరిగింది గానీ ఆ బొంగురు అట్లాగే మిగిలింది. అందులో ఆ నాలుగు రోజుల వాటా ఎంతో డాక్టరు చెప్పలేనన్నాడు. నేను ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేను. ఇప్పుడు నేను చేసే ఉద్యోగం అదే, ఒక కంపెనీలో వందలాది కంప్యూటర్లకు అప్‌డేట్లు చూడడం. నడుస్తున్న కెర్నల్‌ను ఆపకుండానే సరిచేసే పద్ధతులు వచ్చాయి. ఫోనులు నిద్రపోతున్న మనుషుల పక్కన తమంతట తామే కొత్తవైపోతాయి. పెద్దనాయిన ఫోను చివరి రోజుల్లో ఎంతో తీయని గొంతుతో పేపరు చదివేది. ఇదంతా మంచికే, ఎవరి గొంతూ పోవడం లేదు. కాని మీ ఇంట్లో ఏముంది, ఏం కావాలి, ఏం వద్దు అని ఒక్కొక్కటిగా అడిగి, జవాబు కోసం చాప పక్కన ఆగే ఓపిక ఇప్పుడు ఏ యంత్రానికీ లేదు, నాకూ లేదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చాదస్తురాలంటారు. ఏదైనా తీసేయాలంటే ముందు ఎవరినైనా అడిగారా అని నేను అడుగుతాను కనుక.

కంప్యూటరు బాగైన ఆ ఏడు వేసవి సెలవుల్లో, నేను భూపాలపల్లి బయల్దేరే ముందు రోజు, ఎండ దిగుతున్న వేళ బట్టలు సర్దుకుంటున్నాను. ముందు గదిలో మిషనోడు పేపరు చదువుతున్నాడు. వెనక వసారాలో పెద్దమ్మ పీట మీద కూర్చుని ఒక కథల పుస్తకం చదువుతోంది. అదేమీ పాఠం కాదు, నేను కాలేజీ నుంచి తెచ్చి అక్కడ పెట్టి మరిచిపోయిన పుస్తకం. ఆమె పెదవులు కదలడం లేదు. చూపు మాత్రం గీత వెంబడి మెల్లగా పోతోంది. అప్పటిదాకా ఆమె ఏది చదివినా పైకే చదివింది, ఆయన కోసమే చదివింది. నేను పలకరించలేదు. లోపలి నుంచి పెద్దనాయిన పిలిచాడు.

"సరోజనా, ఏడున్నవే? చప్పుడే లేదు?"

"ఈడనే ఉన్న. సదువుకుంటున్న."

"నాకేం ఇనవడుతలేదు."

"నీకు గాదు" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండా. "నాకు."

లోపల కీబోర్డు మీద రెండు మూడు టకటకలు. మిషనోడి గొంతు మెల్లగా తగ్గి, గోడ అవతల గొణుగులా మారి, ఇంకా తగ్గి, ఆయనకొక్కడికే వినిపించేంతయింది. పెద్దమ్మ పేజీ తిప్పింది.